పని చోట ప్రమాద కారకాలు: రకాన్ని బట్టి గుర్తుపట్టి, వరుసగా సరిచేసే పద్ధతి

సేఫ్టీ బాధ్యత కొత్తగా మీద పడ్డవాళ్లు, చిన్న వర్క్‌షాపులు, గోదాములు నడిపేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "ప్రమాద కారకాల రకాలు చదివాం, పేర్లన్నీ గుర్తున్నాయి. తీరా మా చోట నిలబడి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?"

రోజూ చూసేది కంటికి ఆనదు. అందుకే ఏ రకాన్ని ఏ ఆనవాలుతో పట్టుకోవాలి, పట్టుకున్నాక ఏ వరుసలో సరిచేయాలి అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మొదటిసారి చదివేవాళ్లు నాలుగో భాగానికి దూకకండి. ముందున్న మూడూ చేస్తేనే అందులో రాసినవి మీ చోట కనిపిస్తాయి.

## 1. హజార్డ్ వేరు, రిస్క్ వేరు

హాని చేయగలిగేది ఏదైనా హజార్డ్, అంటే ప్రమాద కారకం. ఆ హాని జరిగే అవకాశం ఎంత, జరిగితే ఎంత తీవ్రంగా ఉంటుంది అన్నవి రెండూ కలిస్తే రిస్క్.

తాళం వేసిన గదిలో, సీలు తీయని డ్రమ్ములో ఉన్న యాసిడ్ హజార్డే. అదే యాసిడ్‌ను పాత నీళ్ల సీసాలో పోసి, లేబుల్ లేకుండా బల్ల మీద పెడితే రిస్క్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. యాసిడ్ మాత్రం మారలేదు.

ఈ తేడా తెలియకపోతే హజార్డులు రాసుకునే రిజిస్టర్‌లో మొదటి లైనే తప్పు పడుతుంది. చాలా రిజిస్టర్లలో "హజార్డ్" గడిలో "ఇయర్ ప్లగ్ పెట్టుకోలేదు" అని ఉంటుంది. హజార్డ్ అది కాదు, శబ్దం. "ప్లగ్ పెట్టుకోలేదు" అని రాస్తే తోచే పరిష్కారం ఒక్కటే, ప్లగ్ ఇవ్వడం. "కంప్రెసర్ శబ్దం" అని రాస్తే కంప్రెసర్‌ను బయటికి మార్చవచ్చా, చుట్టూ గోడ కట్టవచ్చా అని ఆలోచిస్తారు.

సులువైన గుర్తు చెబుతాను. మీరు రాసిన వాక్యం "లేదు", "చేయలేదు" అని ముగిసిందంటే ఆగి, అసలు హాని చేసేది ఏమిటో వెతికి మళ్లీ రాయండి.

## 2. నడిచి చూడటానికి ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఖాళీ చేతులతో వెళ్తే నేల మీద చెత్త, తెరిచి ఉన్న తలుపు తప్ప ఏమీ కనపడవు. ముందురోజే ఇవి దగ్గర పెట్టుకోండి.

☐ అక్కడ జరిగే పనులన్నిటి జాబితా. రోజువారీ పనితో పాటు శుభ్రం చేయడం, రిపేర్లు, సరుకు దింపడం, కరెంటు పోయినప్పుడు చేసే పని, బయటి కాంట్రాక్టు మనుషుల పని కూడా

☐ గత రెండు మూడేళ్ల ప్రమాదాల రికార్డు, త్రుటిలో తప్పిన ఘటనల రికార్డు

☐ ప్రథమ చికిత్స పుస్తకం. ఏ విభాగంలో బ్యాండేజీలు త్వరగా అయిపోతున్నాయో చూడండి. ప్రమాదాల రికార్డుకు ఎక్కనివి ఇక్కడ దొరుకుతాయి

☐ వాడే రసాయనాలన్నిటి సేఫ్టీ డేటా షీట్లు (ఆ రసాయనం చేసే హాని, తీసుకోవాల్సిన జాగ్రత్తలు రాసి ఉండే పత్రాలు)

☐ మెషీన్ల మాన్యువల్స్

☐ చోటు మొత్తానికి చేత్తో గీసిన పటం, నోటు పుస్తకం, గట్టి వెలుగున్న టార్చి, కొలత టేపు

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. పొద్దున పది గంటలకు, అంతా సర్దేశాక వెళ్తే ఉపయోగం తక్కువ. షిఫ్టు మారే సమయంలో ఒకసారి, రాత్రి షిఫ్టులో ఒకసారి, మెషీన్ విప్పి కడుగుతున్నప్పుడు ఒకసారి వెళ్లండి. పెద్ద ప్రమాదాలు ఎక్కువగా మామూలు ఉత్పత్తి సమయంలో కాకుండా ఇలాంటి పనుల దగ్గర పొంచి ఉంటాయి.

## 3. నడిచేటప్పుడు: చేస్తున్న పనిని మొదటి నుంచి చివరి దాకా చూడండి

ఒక పనిని ఎంచుకుని, దాన్ని ఐదు నుంచి పది దశలుగా విడదీయండి. ప్రతి దశ దగ్గరా నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

- ఇక్కడ చెయ్యి, కాలు, జుట్టు, బట్ట ఎందులోనైనా చిక్కుకోవచ్చా?
- ఏదైనా మీద పడవచ్చా, మనిషి పడిపోవచ్చా?
- ఊపిరితో, చర్మంతో, కళ్లతో లోపలికి వెళ్లేది ఏమైనా ఉందా?
- ఇదే పని రోజుకు వందసార్లు చేస్తే ఒంటికి ఏమవుతుంది?

ఆ తర్వాత పని చేస్తున్న మనిషినే అడగాలి. "ఇక్కడ ప్రమాదం ఏమైనా ఉందా?" అంటే "ఏం లేదండీ" అనే జవాబు వస్తుంది. "ఈ పనిలో మీకు చిరాకు తెప్పించేది ఏది?", "కొత్త కుర్రాడు వస్తే ముందు ఏం చెబుతారు?" అని అడగండి. అసలు విషయం బయటికి వస్తుంది.

ఒకసారి నేను ఒక కన్వేయర్ దగ్గర నిలబడ్డాను. తోక చివర డ్రమ్ముకు ఇనుప జాలీ గార్డు బిగించే ఉంది. ఫారంలో టిక్ పెట్టేవాణ్నే. కానీ గార్డుకున్న నాలుగు బోల్టుల్లో మూడు లేవు. ఉన్న ఒక్క బోల్టు తల మెరుస్తోంది. చుట్టూ పెయింటు అంతా దుమ్ము పట్టి ఉంటే, ఆ తల ఒక్కటీ స్పానర్ రాపిడికి వెండిలా తళతళలాడుతోంది. అంటే దాన్ని రోజూ విప్పుతున్నారు.

ఎందుకని ఫిట్టర్‌ను అడిగితే చూపించాడు. బేరింగ్‌కు గ్రీజు పెట్టే నిపుల్ గార్డు లోపల ఉంది. ప్రతి షిఫ్టులో గ్రీజు పెట్టాలి, బెల్టు ఆపితే ఉత్పత్తి ఆగుతుంది. కాబట్టి బెల్టు తిరుగుతుండగానే గార్డు పక్కకి జరిపి, చెయ్యి లోపలికి పెట్టి గ్రీజు కొడుతున్నాడు. తిరిగే డ్రమ్ముకీ అతని ముంజేతికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

ఇలాంటి ఆనవాళ్లు ప్రతి చోటా ఉంటాయి. వీటి కోసం వెతకండి.

☐ అరిగి మెరిసే బోల్టులు, గోడకు ఆనించిన గార్డులు

☐ సెన్సార్ మీద అంటించిన టేపు, స్విచ్‌లో దోపిన పుల్ల

☐ గీసిన దారి ఒకవైపు ఉంటే, మనుషులు నడిచి నలిగిన దారి ఇంకోవైపు ఉండటం

☐ సొంతంగా చేసుకున్న పనిముట్లు, మెలితిప్పిన కడ్డీలు, ఎత్తు కోసం పేర్చిన డబ్బాలు

☐ రంగు వెలిసిన లేబుళ్లు, మూత లేని సీసాలు

మనిషి అడ్డదారి పట్టాడంటే చాలాసార్లు పని అమరికలోనే లోపం ఉంటుంది. ఆ మనిషిని మందలించి వచ్చేస్తే, రేపటి నుంచి మీరు కనబడగానే గార్డు బిగిస్తాడు. నిజం మీకు ఇక చెప్పడు.

## 4. రకాలు, వాటిని పట్టించే ఆనవాళ్లు

### 4.1 యంత్రాలు, నిల్వ ఉన్న శక్తి

రెండు రోలర్లు కలిసే చోటు, బెల్టు కప్పీ మీదికి ఎక్కే చోటు, ప్రెస్ కిందికి దిగే చోటు: ముందు వీటి దగ్గర ఆగండి. వేలు దూరేంత సందుందా, ఆ సందు నుంచి కదిలే భాగం అందుతుందా చూడండి.

రిపేరు పనిలో పెద్ద పొరపాటు స్టాప్ బటన్ నొక్కి "ఆఫ్ చేశాం" అనుకోవడం. స్టాప్ బటన్ ఆదేశం మాత్రమే ఇస్తుంది, కరెంటును విడదీయదు. మెషీన్ లోపలికి చెయ్యి పెట్టే ముందు ఈ వరుస తప్పకూడదు.

1. ఆ మెషీన్ వాడే అందరికీ ఆపుతున్నామని చెప్పండి.
2. మామూలు పద్ధతిలో ఆపండి.
3. మెయిన్ ఐసొలేటర్ (మెషీన్‌కు కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్) దగ్గర విడదీయండి. గాలి, ఆవిరి, హైడ్రాలిక్ లైన్లుంటే వాటి వాల్వులు కూడా మూయండి.
4. పని చేసే ప్రతి ఒక్కరూ తమ సొంత తాళం వేసి, పేరున్న ట్యాగ్ తగిలించాలి. ఒక మనిషికి ఒక తాళం, ఒకే తాళంచెవి. చెవి అతని జేబులోనే ఉండాలి.
5. నిల్వ ఉన్న శక్తిని వదిలించండి. కెపాసిటర్ డిశ్చార్జి చేయాలి, లైన్లలో ప్రెషర్ దించాలి, పైకెత్తి ఉన్న భాగాన్ని దించాలి లేదా కింద గట్టి ఆసరా పెట్టాలి, బిగిసిన స్ప్రింగు సడలించాలి.
6. స్టార్ట్ బటన్ నొక్కి తిరగడం లేదని తేల్చుకోండి. తర్వాత స్విచ్‌ను మళ్లీ ఆఫ్‌లో పెట్టడం మరచిపోవద్దు.
7. అప్పుడు పని మొదలుపెట్టండి.

ఐదో దశను చాలామంది వదిలేస్తారు. కరెంటు తీసేసినా, పైకెత్తిన హైడ్రాలిక్ ప్రెస్ బరువు అలాగే ఉంటుంది. హోస్ విప్పిన మరుక్షణం కిందికి వచ్చేస్తుంది.

### 4.2 కరెంటు

దాదాపు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వైరును వదలలేని స్థితి రావచ్చు. మామూలు ఎమ్‌సీబీ (కరెంటు హద్దు మించితే తానే ఆఫ్ అయ్యే స్విచ్) పడిపోయేది ఎన్నో ఆంపియర్ల దగ్గర. అది కాపాడేది వైరింగ్‌ను, మనిషిని కాదు. మనిషి కోసం పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర తెగే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పసిగట్టి సరఫరా ఆపేసే స్విచ్). దాని మీదున్న టెస్ట్ బటన్‌ను చివరిసారి ఎప్పుడు నొక్కారో అడగండి. చాలా చోట్ల జవాబు రాదు.

☐ ప్లగ్ లేకుండా నేరుగా సాకెట్‌లో దోపిన వైర్లు

☐ టేపు చుట్టిన కేబుళ్లు, తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డులు

☐ ఎర్త్ పిన్ విరిగిన ప్లగ్గులు

☐ డబ్బాలు పేర్చి మూసేసిన ప్యానెల్ బోర్డు

టెస్టర్‌తో చూసేటప్పుడు ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూడండి. తర్వాత పని చేయాల్సిన చోట చూసి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడండి. పాడైన టెస్టర్ కూడా "కరెంటు లేదు" అనే చూపిస్తుంది.

### 4.3 జారడం, తట్టుకుని పడటం, ఎత్తు నుంచి పడటం

నేల మీద నూనె కనిపిస్తే తుడిచి వదిలేయకండి. ఎక్కడి నుంచి కారుతోందో వెతకండి. రోజూ ఒకే చోట తుడుస్తున్నారంటే అది లీకేజీ సమస్య.

నిచ్చెన వాలు సరిగ్గా ఉండాలంటే, ప్రతి 4 అడుగుల ఎత్తుకు 1 అడుగు చొప్పున కింది భాగం గోడకు దూరంగా ఉండాలి. పైన అటక మీదికి దిగాలంటే నిచ్చెన కనీసం 3 అడుగులు పైకి వచ్చి ఉండాలి. చేతిలో సామాను పట్టుకుని ఎక్కుతున్నారంటే ఆ పనికి నిచ్చెన సరిపోదని అర్థం.

రేకుల పైకప్పు, ప్లాస్టిక్ వెలుతురు రేకు ప్రత్యేకంగా రాసుకోండి. దుమ్ము పట్టాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. ప్లాస్టిక్ రేకు మీద కాలు పడితే మనిషి నేరుగా కిందికి వచ్చేస్తాడు.

సేఫ్టీ బెల్టు వేసుకుంటే పని అయిపోలేదు. దాన్ని దేనికి కట్టారు, పడితే కింద నేల తగలకుండా చాలినంత ఎత్తుందా, వేలాడుతున్న మనిషిని కొద్ది నిమిషాల్లో దించే ఏర్పాటు ఉందా? ఈ మూడూ తేలకపోతే బెల్టు ఉన్నా లేనట్టే లెక్క.

### 4.4 శబ్దం, వేడి, వెలుగు, కంపనం

చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే శబ్దం 85 డెసిబెల్స్ దగ్గర్లో ఉండొచ్చు. ఎక్కువగా వాడే లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది: 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర 1 గంట. శబ్దం వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు. "అలవాటైపోయిందండీ" అని ఎవరైనా అంటే, వాళ్ల చెవులు పరీక్ష చేయించాల్సిన సమయం వచ్చిందనుకోండి.

వేడిలో కొత్తగా చేరినవాళ్లకే ముప్పు ఎక్కువ. ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్తవాళ్లకు మొదటి రోజు 20 శాతం సమయమే వేడిలో పనిచ్చి, రోజుకు మరో 20 శాతం చొప్పున పెంచండి. దాహం వేసే దాకా ఆగకుండా 15, 20 నిమిషాలకోసారి ఒక కప్పు నీళ్లు తాగాలి. మాట తడబడటం, తికమకగా ప్రవర్తించడం కనిపిస్తే అది వడదెబ్బ. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చే దాకా ఒంటి మీద నీళ్లు పోసి గాలి తగిలేలా చూడండి.

వెల్డింగ్ వెలుగు దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. వెల్డర్‌కు షీల్డు ఉంటుంది. పక్కన కడ్డీ పట్టుకునే హెల్పర్‌కు ఉందా? అడ్డంగా తెర ఉందా?

గ్రైండర్, బ్రేకర్ రోజంతా పట్టుకునేవాళ్లను చలిలో వేళ్లు తెల్లబడుతున్నాయా, తిమ్మిరెక్కుతున్నాయా అని అడగండి.

### 4.5 రసాయనాలు, ధూళి, మంట

సేఫ్టీ డేటా షీట్‌లో 16 భాగాలుంటాయి. అన్నీ ఒకేసారి చదవక్కర్లేదు. 2వ భాగంలో ఏం హాని చేస్తుందో, 4లో ప్రథమ చికిత్స, 7లో ఎలా వాడాలి, ఎలా నిల్వ చేయాలి, 8లో ఏ గ్లౌజులు, ఏ మాస్క్ వాడాలి, 10లో దేనితో కలవకూడదు అన్నవి ఉంటాయి. ఈ ఐదూ ఒక పేజీలోకి తెలుగులో రాసి, ఆ రసాయనం వాడే చోట అంటించండి.

పేరు చదివి "ఇది క్లీనరే కదా" అనుకోవడం పెద్ద పొరపాటు. బ్లీచ్‌ను యాసిడ్ క్లీనర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. యాసిడ్‌ను పలచన చేసేటప్పుడు నీళ్లలో యాసిడ్ కొద్దికొద్దిగా పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడగాలి. కడిగే చోటుకు పది సెకన్లలో చేరగలరా? కళ్లు మూసుకుని ఒకసారి నడిచి చూడండి, పక్కన ఒకరిని ఉంచుకుని.

ధూళి విషయంలో కంటిని నమ్మలేం. రాయి, కాంక్రీటు, టైల్స్ కోసేటప్పుడు లేచే సిలికాలో ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లేది కంటికి కనపడనంత సన్నటి ధూళి. లైట్లు తగ్గించి, ధూళి లేచే చోటు వెనక నుంచి టార్చి వేయించి, ఎదురుగా పక్కకి నిలబడి చూడండి. సూటిగా టార్చిలోకి చూడకండి. శుభ్రంగా ఉందనుకున్న గాలిలో ధూళి పొగలా తేలుతూ కనిపిస్తుంది. నీళ్లు పెట్టి కోయడం, లేచిన చోటే పీల్చేసే వాక్యూమ్ పెట్టడం దీనికి సరైన మందు. చీపురుతో ఊడ్చినా, ఎయిర్ గన్‌తో ఊదినా నేల మీదున్నది మళ్లీ ముక్కులోకే వస్తుంది.

పిండి, చెక్కపొట్టు, అల్యూమినియం పొడి వంటివి గాలిలో దట్టంగా లేచినప్పుడు నిప్పు తగిలితే పేలతాయి. దూలాల మీద, డక్టుల మీద పేరుకున్నది కూడా చూడండి.

పెట్రోలు, థిన్నర్ ఆవిర్లు గాలికన్నా బరువు. నేల వెంట పాకుతూ దూరంగా ఉన్న నిప్పును అందుకుంటాయి. "ఖాళీ" డ్రమ్మును గ్యాస్ కట్టర్‌తో కోయడం అందుకే అంత ప్రమాదం. లోపల ద్రవం ఉండదు, ఆవిరి ఉంటుంది. వెల్డింగ్, కటింగ్ చేసే చోటు నుంచి 11 మీటర్ల లోపు మండేవన్నీ తీసేయండి, తీయలేనివి మంటకు తట్టుకునే గుడ్డతో కప్పండి. పని అయ్యాక కనీసం అరగంట, వీలైతే గంటసేపు ఒక మనిషి అక్కడే ఉండి గమనించాలి.

### 4.6 ట్యాంకులు, మ్యాన్‌హోళ్లు, గోతులు

ఈ భాగాన్ని దయచేసి నిదానంగా చదవండి. ఇలాంటి చోట్ల ప్రాణం పోయేవాళ్లలో చాలామంది మొదట దిగినవాళ్లు కారు. పడిపోయినవాణ్ని కాపాడాలని వెంట దిగినవాళ్లు.

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. 19.5 కన్నా తగ్గితే లోపలికి వెళ్లకూడదు. 23.5 దాటినా వెళ్లకూడదు, చిన్న నిప్పురవ్వ కూడా భగ్గుమంటుంది. ఏ రసాయనమూ లేని ఇనుప ట్యాంకులో కూడా ఆక్సిజన్ తగ్గుతుంది, తుప్పు పట్టడమే దాన్ని వాడేసుకుంటుంది. నైట్రోజన్ నిండిన ట్యాంకులో తల పెడితే ఊపిరాడని బాధ కూడా తెలియదు, నేరుగా స్పృహ తప్పుతుంది.

మురుగు గోతుల్లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు మొదట కుళ్లిన గుడ్ల వాసన ఉంటుంది. దాదాపు 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) దగ్గరికి చేరితే వాసన పసిగట్టే శక్తే పోతుంది. "వాసన తగ్గింది, ఇక దిగొచ్చు" అనుకునే క్షణమే అన్నిటికన్నా చెడ్డది.

దిగే ముందు వరుస:

1. దిగకుండా పని అవుతుందా? బయటి నుంచి పొడవాటి గొట్టంతో కడగడం, కెమెరాతో చూడటం కుదురుతుందా?
2. లోపలికి వచ్చే పైపులన్నీ విడదీసి తాళం వేయండి.
3. గ్యాస్ మీటర్‌తో ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువు, ఆ తర్వాత విష వాయువులు చూడండి. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. మండే వాయువు, పేలడానికి కావలసిన కనిష్ఠ మోతాదులో 10 శాతానికి చేరినా దిగవద్దు.
4. బ్లోయర్‌తో బయటి గాలి పంపండి. ఆక్సిజన్ సిలిండర్ తెరిచి వదలడం ఎప్పుడూ చేయకండి.
5. దిగే మనిషికి హార్నెస్, తాడు, పైన ట్రైపాడ్.
6. బయట ఒకరు. అతనికి వేరే పని ఇవ్వకండి. ఏం జరిగినా అతను లోపలికి దిగకూడదు, తాడు లాగాలి, సాయం కోసం పిలవాలి.
7. మీటర్ లోపలి మనిషి దగ్గర పని అయ్యే దాకా నడుస్తూనే ఉండాలి.

ఇందులో ఒక్కటి లేకపోయినా ఆ రోజు పని వాయిదా వేయండి.

### 4.7 సూక్ష్మజీవులు

ఆసుపత్రులు, ల్యాబ్‌లకే పరిమితం అనుకోకండి. మురుగు పని, చెత్త ఏరడం, పాత కూలింగ్ టవర్లు, పక్షుల రెట్ట పేరుకున్న అటకలు కూడా ఇందులోకే వస్తాయి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు, నేరుగా గట్టి డబ్బాలో వేయాలి. హెపటైటిస్ బీ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. దానికి టీకా ఉంది, ముందే వేయించండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉండే నీటిలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. వాడని షవర్లు, పైపుల చివరలు చూడండి.

### 4.8 ఒంటి మీద పడే భారం

బరువు ఎంతో ఒక్కటే చూడకండి. పని చోట భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే హద్దు 23 కిలోలు. బరువు ఒంటికి దూరంగా ఉన్నా, నేల మీద నుంచి ఎత్తాల్సి వచ్చినా, నడుము తిప్పాల్సి వచ్చినా, నిమిషానికి చాలాసార్లు ఎత్తినా ఆ హద్దు బాగా తగ్గిపోతుంది.

"నడుము వంచకుండా ఎత్తండి" అని శిక్షణ ఇస్తే సరిపోదు. సరుకును నేల మీద కాకుండా నడుము ఎత్తులో పెట్టించండి. తేడా మర్నాడే తెలుస్తుంది.

కంప్యూటర్ పనిలో స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు రావాలి, మోచేతులు ఆనాలి, పాదాలు నేలకు తగలాలి. ఎంత మంచి కుర్చీ అయినా గంటల తరబడి కదలకుండా కూర్చోవడం మంచిది కాదు.

### 4.9 మనసు మీద పడే భారం

చాలా రిజిస్టర్లలో ఈ గడి ఖాళీగా ఉంటుంది. అందరి ముందు తిట్టడం, చాలినంత మంది లేకుండా టార్గెట్లు పెట్టడం, రేపటి షిఫ్టు ఏదో ఇవాళ్టి దాకా చెప్పకపోవడం, రాత్రి ఒంటరిగా పని చేయించడం ఇవన్నీ హజార్డులే. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి పనితీరుకు దగ్గరగా ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. డబుల్ షిఫ్టు చేసిన మనిషికి ఫోర్క్‌లిఫ్ట్ తాళం ఇచ్చే ముందు ఇది గుర్తు చేసుకోండి.

"టెన్షన్ ఉందా?" అని అడిగితే ఎవరూ ఔననరు. ఓవర్‌టైమ్ లెక్క, సెలవులు, మానేసి వెళ్లినవారి సంఖ్య విభాగం వారీగా చూడండి. ఒకే సూపర్‌వైజర్ కింద ఇవన్నీ పెరిగి ఉంటే ఎక్కడ వెతకాలో తెలిసినట్టే.

## 5. ఏది ముందు సరిచేయాలి

తీవ్రతకు 1 నుంచి 5, జరిగే అవకాశానికి 1 నుంచి 5 మార్కులు వేసి హెచ్చించండి. 25 వచ్చినది పైన, 1 వచ్చినది కింద.

ఈ లెక్కను గుడ్డిగా పట్టుకోకండి. ట్యాంకులోకి ఏడాదికి ఒకసారే దిగుతారు కాబట్టి అవకాశం 1, తీవ్రత 5, మొత్తం 5 అవుతుంది. వేలికి చిన్న గీతలు పడే పనికి తీవ్రత 2, అవకాశం 5 వేస్తే 10 వస్తుంది. కాగితం మీద గీతలే ముందు నిలుస్తాయి. అందుకే నా పద్ధతిలో, తీవ్రత 5 ఉన్న ప్రతిదానికీ మార్కులతో పని లేకుండా విడిగా జాబితా రాస్తాను, దాన్నే ముందు చూస్తాను.

మార్కులు ఒక్కరే వేయకండి. ఆ పని చేసే మనిషి, మెయింటెనెన్స్ నుంచి ఒకరు, మీరు కలిసి కూర్చోండి.

## 6. సరిచేసే వరుస

పై మెట్టు నుంచి మొదలుపెట్టి, అది నిజంగా కుదరదని తేలాకే కింది మెట్టుకు రండి. కంప్రెసర్ శబ్దాన్నే తీసుకుందాం.

1. పూర్తిగా తీసేయడం: గాలి అసలు అవసరమా? ఆ పని కరెంటు టూల్‌తో అవుతుందా?
2. బదులు వేరేది వాడటం: తక్కువ శబ్దం చేసే మోడల్.
3. అమరికతో అడ్డుకోవడం: కంప్రెసర్‌ను వేరే గదికి మార్చడం, కింద రబ్బరు మౌంటులు, గాలి వదిలే చోట సైలెన్సర్.
4. పని పద్ధతి మార్చడం: దగ్గర ఉండే సమయం తగ్గించడం, మనుషుల్ని మార్చి మార్చి వేయడం, బోర్డులు పెట్టడం.
5. ఒంటి మీద రక్షణ: ఇయర్ ప్లగ్, ఇయర్ మఫ్.

ఐదోది తప్పు కాదు. మొదటి నాలుగు అమలయ్యే దాకా అది తప్పనిసరి కూడా. కానీ రిజిస్టర్‌లో అన్ని లైన్ల ఎదురుగా ఐదోదే ఉంటే, హజార్డులన్నీ ఉన్న చోటే ఉన్నట్టు.

## 7. ఎక్కువగా కనిపించే తప్పులు, దిద్దుబాట్లు

తిరిగే మెషీన్ దగ్గర గ్లౌజులు. డ్రిల్, లేత్ దగ్గర గ్లౌజు చిక్కితే చెయ్యంతా లోపలికి లాగేస్తుంది. కోసినప్పుడు వచ్చే లోహపు తురుమును మెషీన్ ఆపాక బ్రష్‌తో లేదా కొక్కెంతో తీయాలి, పని ముక్కను వైస్‌లో బిగించాలి.

అన్నిటికీ ఒకే మాస్క్. ఎన్95 ధూళికి పనికొస్తుంది. పెయింటు, థిన్నర్ ఆవిర్లను ఆపదు. వాటికి తగిన కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోట ఆ రెండూ పనికిరావు. గడ్డం ఉంటే అంచు ముఖానికి అతుక్కోదు, పక్కల నుంచి గాలి వస్తుంది.

గ్రైండర్‌కు దొరికిన చక్రం బిగించడం. చక్రం మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం, మెషీన్ ఆర్‌పీఎం కన్నా తక్కువ ఉండకూడదు. పెద్ద చక్రం పట్టదని గార్డు తీసేశారంటే రెండు తప్పులు ఒకేసారి జరిగినట్టు.

ప్రమాదం జరిగాక "అజాగ్రత్త" అని రాసి మూసేయడం. "ఎందుకు?" అని ఇంకో నాలుగుసార్లు అడగండి. ఆ పనికి ఎంత సమయం ఇచ్చారు, సరైన పనిముట్టు చేతికి అందేలా ఉందా అన్నవి అప్పుడు బయటపడతాయి.

త్రుటిలో తప్పినవి రాయకపోవడం. రాసినవారిని ప్రశ్నించడం మొదలుపెడితే రాయడం ఆగిపోతుంది. రాసిన వారంలోపు ఏం చేశారో వాళ్లకు తిరిగి చెప్పండి. అది చాలు, మిగతావాళ్లూ రాస్తారు.

## 8. రిజిస్టర్‌లో రాసి, మళ్లీ వెళ్లి చూడటం

ఒక్కో లైనులో ఉండాల్సినవి: పని, దశ, హజార్డ్, ఎవరికి హాని, ఇప్పుడున్న రక్షణ, చేయబోయే మార్పు, బాధ్యత తీసుకునే మనిషి పేరు, తేదీ. "మెయింటెనెన్స్ విభాగం", "త్వరలో" అని రాసినవి కదలవు.

ఆ కన్వేయర్ లైను ఇలా రాశాం. పని: తోక డ్రమ్ము బేరింగ్‌కు గ్రీజు పెట్టడం. హజార్డ్: తిరిగే డ్రమ్ము, బెల్టు కలిసే సందు. ఎవరికి: మూడు షిఫ్టుల ఫిట్టర్లకు. ఇప్పుడున్నది: విప్పి తీసే గార్డు. మార్పు: నిపుల్ నుంచి సన్నని రాగి గొట్టం వేసి గార్డు బయటికి తేవడం, నాలుగు బోల్టులూ బిగించడం. ఆ లోపు: బెల్టు ఆపి, తాళం వేసి మాత్రమే గ్రీజు.

మళ్లీ ఎప్పుడు చూడాలి:

☐ కొత్త మెషీన్, కొత్త రసాయనం వచ్చినప్పుడు

☐ మనుషులు తగ్గినప్పుడు, టార్గెట్ పెరిగినప్పుడు

☐ ప్రమాదం జరిగినా, త్రుటిలో తప్పినా

☐ మార్పు చేసిన నెలకు ఒకసారి. ఆ మార్పు కొత్త ఇబ్బంది తెచ్చిపెట్టిందా అని చూడటానికి

☐ ఇవేవీ లేకున్నా ఏడాదికి ఒకసారి

మళ్లీ వెళ్లినప్పుడు ఫారం చూడకుండా, మొదటిసారి పట్టించిన ఆనవాలునే చూడండి. మూడు నెలల తర్వాత ఆ కన్వేయర్ దగ్గరికి వెళ్తే గొట్టం చివర కొత్త గ్రీజు మరక ఉంది. గార్డు నాలుగు బోల్టుల తలల మీదా మందంగా దుమ్ము పేరుకుని ఉంది.